సూది ముట్టని నెల

జనవరి 5, సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. ఇక్కడ కుశలం మరీ ఎక్కువైపోయింది. పొద్దున లేస్తే ఎండ, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వెళ్ళొస్తానని చెప్పి కూడా గంటసేపు గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పే ఎండ. రెండు స్వెట్టర్లు, పైన కోటు, మెడకి మఫ్లరు వేసుకుని పడవ దిగాను. బస ఇంటావిడ నన్ను చూసి, ముందు జ్వరమేమో అనుకుని నుదురు తడిమింది.

నేను రాస్తున్నది నీకు గుమ్మడికాయల్లా కనిపిస్తూ ఉండాలి. కళ్ళ డాక్టరు ఫోను చూడొద్దన్నాడు, మాట్లాడదామంటే దీవిలో సిగ్నలు లేదు, చిన్న అక్షరాలూ వద్దన్నాడు, అందుకని పిల్లలు బొమ్మలు వేసే లావు పెన్నుతో రాస్తున్నాను. నువ్వూ ఇంతింత అక్షరాలే రాయి. ఉత్తరాల పడవ మంగళవారం, శుక్రవారం పొద్దున వచ్చి సాయంత్రం వెళ్తుంది. ఉత్తరం మూడు రోజుల్లో నీకు అందుతుందట.

వీధిలో అందరికీ, మా తమ్ముడూ మరదలూ అరవయ్యో పుట్టినరోజుకి నన్ను చలి తప్పించి దీవికి పంపుతున్నారని గొప్పలు చెప్పుకొచ్చాను. ఇందులో బహుమతి సగం, శిక్ష సగం అని మనకి తెలుసు. నెల రోజులు సూది ముట్టకపోతే చూపు నిలబడొచ్చు, ముట్టుకుంటే నల్లకోటు మీద నల్లదారం ఇక ఈ జన్మలో కనిపించదు అని ఆ కళ్ళ డాక్టరు నీ ఎదురుగానే అన్నాడు కదా. ఇంట్లో ఉంటే నేను ఆగనని నీకు తెలుసు. అమ్మ కూర్చున్న బల్ల దగ్గరే నలభై ఆరేళ్ళుగా కూర్చుని ఊళ్ళోవాళ్ళ కోట్లకి చిరుగు కనిపించకుండా రఫ్ఫు చేసిన దాన్ని. ఇప్పుడు సముద్రం ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఈ చేతులు ఎవరివో నా దగ్గర దాచుకోమని ఇచ్చి వెళ్ళినట్టు ఉంది.

చెప్పినవి మరిచిపోకు. రెండు రోజులకోసారి దుకాణంలో పొయ్యి వెలిగించు. ఉన్ని చెమ్మగిల్లితే పురుగు పడుతుంది. తలుపు మీద సెలవు బోర్డు తీయకు. ఎవరైనా కోటు పట్టుకొచ్చి బతిమాలితే కరిగిపోకు, నీది అసలే వెన్నముద్ద మనసు. అన్నిటికంటే ముఖ్యం, ఎదురువీధి మెషినాయన్ని గడప తొక్కనివ్వకు. చిరుగు మీద గుడ్డముక్క వేసి మెషిన్ మీద బరబరా కొట్టి దాన్ని రఫ్ఫు అంటాడు ఆ మనిషి. వాడి చూపు నా బల్ల మీద ఎప్పటినుంచో ఉంది.

మరదలికి ముద్దులు. నీకు మాత్రం పని పూర్తిచేశాకే.

చేతులు ఖాళీగా ఉన్న
మీ సూదక్క


జనవరి 10, శనివారం

అక్కా,

గుమ్మడికాయలు రాయడం నాకు చేతకాదు, ఇవి సొరకాయల్లా వస్తున్నాయి, సర్దుకో. నాలుగు వాక్యాలు రాసేసరికి రెండు కాగితాలు అయిపోయాయి. మీ మరదలు చూసి, ఇది ఉత్తరమా గోడపత్రికా అంటోంది.

ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది. ఊళ్ళో ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్లు సగం నువ్వెప్పుడు వెళ్తావా అని చూసినట్టు ఒక్కసారిగా మొరాయించాయి, బాగుచేయడానికి నేనొక్కణ్ణే. నిన్న ఒకాయన నేలమాళిగలో పైపు పగిలి, నేను వెళ్ళేసరికి ఆయన బకెట్లో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్ళు ఎందుకండీ అంటే, ఈ నీళ్ళు ఒక్కటే వేడిగా ఉన్నాయి అన్నాడు.

పొయ్యి వెలిగిస్తున్నాను. బోర్డు ఉంది. మెషినాయన రాలేదు. ఉన్ని పొడిగా ఉంది. ఇంకేం లేదు.

ఒక్కటి ఊరికే అడుగుతున్నాను. ఒక కోటుంది అనుకో. మోచేతి దగ్గర బొటనవేలు దూరేంత చిరుగుంది అనుకో. దారం ఎక్కడినుంచి తీస్తారు? అదే రంగు కొంటారా? పడుగు ముందా, పేక ముందా? ఏమీ లేదు, లోకజ్ఞానం కోసం.

నువ్వు నిజంగా ఖాళీగా కూర్చున్నావా? నాకు నమ్మకం కుదరడం లేదు.

నీ బాయిలరు


జనవరి 13, మంగళవారం

బాయిలరుగారికి,

నీ లోకజ్ఞానం చదివి బస ఇంటావిడ ఉలిక్కిపడేలా నవ్వాను. యాభై ఏడేళ్ళు వచ్చినా నీకు అబద్ధం ఆడటం రాదురా. ఏ పైపుకో పట్టించుకుని నీ కొత్త కోటు మోచేయి చింపుకున్నావు, మరదలికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుందని నీళ్ళు నములుతున్నావు. అంతేనా? కడుపులో పెట్టుకుంటాలే. ఎలాగో చెబుతాను, శ్రద్ధగా చదువు.

బజారు దారం ఎప్పుడూ కలవదు. కోటు లోపల, అంచు మడతలో మిగులు బట్ట ఉంటుంది. అక్కడినుంచి ఒక్కొక్క పోగే లాగు. తొందరపడితే తెగుతుంది. ముందు పడుగు, అంటే నిలువు పోగులు, చిరుగుకి అటూ ఇటూ వేలెడు దూరం నుంచి పరుచు. తర్వాత అడ్డంగా పేక, ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి. ముడి వేయకు. ముడి వేశావంటే నువ్వు నా తమ్ముడివి కావు. పోగు బిగించకు. బిగిస్తే చుట్టూ బట్ట ముడుచుకుని, ఇదిగో ఇక్కడే చిరిగింది అని అందరికీ వేలెత్తి చూపిస్తుంది. చివర తడిగుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యి.

నేను ఖాళీగానే ఉన్నాను. సముద్రం చూస్తున్నాను. పక్కింట్లో ఎనభయ్యేళ్ళ అవ్వ ఉంది, ఆవిడ వాళ్ళ మనవల పడవలకి వలలు బాగుచేస్తుంది. నేను ఆవిడ పక్కన పీట వేసుకుని కబుర్లు చెబుతాను. అంతే. ఆవిడ పని ఆవిడది, నా కబుర్లు నావి.

ముక్కు మీద తోలు ఊడింది. ఎండ వల్ల అట. చలికాలంలో ఈ కష్టం పడుతున్నది మన ఊరివాళ్ళలో నేనొక్కదాన్నే.

సముద్రం చూస్తున్న
అక్క


జనవరి 17, శనివారం

అక్కా,

ముందు పుట్టినరోజు శుభాకాంక్షలు. పడవ లెక్క ప్రకారం ఒకరోజు ఆలస్యంగా చేరతాయి. అరవై ఏళ్ళు ఆగినదానివి, ఇంకొక్క రోజు ఆగు. ఇన్నేళ్ళలో నీ పుట్టినరోజుకి నేను పక్కన లేకపోవడం ఇదే మొదటిసారి. ఆరోజు అలవాటుగా నీ ఇంటి తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే తిరిగొస్తానేమో.

నీ జవాబు నిన్న అందింది. బాగా పనికొచ్చింది. నా లోకజ్ఞానం పెరిగింది.

ఇంకొకటి, ఇదీ ఊరికే. పురుగు కొట్టిన చిల్లులు రెండు పక్కపక్కనే ఉంటే విడివిడిగా చేస్తారా, కలిపి ఒకటిగా చేస్తారా? పాత కోటు, బట్ట పలచబడి ఉంటే పోగు బరువుకి చిరగదా?

ఇక అసలు సంగతి. నీ కవరు విప్పితే అందులోంచి జానెడు దారం పడింది. లావు దారం. చేప వాసన. దానికి ఒక ముడి. నేను పైపులవాణ్ణే కావచ్చు, కానీ ముడి కొత్తదో పాతదో చూస్తే తెలుస్తుంది. ఇది నిన్నో మొన్నో వేసిన ముడి. పైగా ఒడుపు నీది, కుడినుంచి ఎడమకి. అవ్వ పని అవ్వది, నా కబుర్లు నావి అంటావా? అక్కా, నేనూ మీ మరదలూ కలిసి నిన్ను అంత దూరం పంపింది పని మార్చుకోమని కాదు. నీ కళ్ళు పోతే ఏం చేస్తావు? నాకు కోపం వస్తోంది, సొరకాయలు కూడా వంకరపోతున్నాయి చూడు.

వెంటనే రాయి. నిజం రాయి.

బాయిలరు


జనవరి 19, సోమవారం

తమ్ముడూ,

ఇవాళ నా పుట్టినరోజు. బస ఇంటావిడ గదంతా పువ్వులు పెట్టింది. పక్కింటి అవ్వ ఒక బొప్పాయి ఒళ్ళో పెట్టి, నీకు అరవయ్యేనా, నా పెద్దకూతురు వయసు అంది. ఇన్నాళ్ళకి నన్ను చిన్నదాన్ని చేసిన మనిషి దొరికింది. మధ్యాహ్నం అందరం నీళ్ళలోకి దిగాం. మోకాళ్ళ దాకానే దిగుతానన్నాను, ఒక అల వచ్చి నా మాట వినకుండా మొత్తం ముంచేసింది. చాలా బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా రోజుల తర్వాత అంత నవ్వాను.

ఆ తర్వాత ఒకటి జరిగింది. మరదలికి చదివి వినిపించకు.

బస ఇంటావిడ జాకెట్టు గుండీ ఊడింది. సూదీ దారం తెచ్చుకుని వసారాలో కూర్చుంది. ఇటివ్వమ్మా, పుట్టినరోజునాడు ఒక్క గుండీ కుడితే ఏమవుతుంది అన్నాను. పట్టపగలు, ఎండ నిలువునా పడుతోంది, తెల్లదారం. ఎక్కించడానికి పదకొండు సార్లు ప్రయత్నించాను. లెక్కపెట్టాను. పన్నెండోసారి ఆవిడ నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, నవ్వుతూ ఎక్కించి, ఇంకేదో మాట మార్చింది. మంచి మనిషి. నేనూ నవ్వాను.

పదిహేను రోజుల నుంచి సూది ముట్టలేదు. అయినా ఇంతే. నాకు భయంగా ఉంది తమ్ముడూ. బల్ల దగ్గర కూర్చోకపోతే నేనెవరో నాకే తెలియదు. దుకాణం మూసేస్తే జనం ఆ మెషినాయన దగ్గరికే వెళ్తారు. అమ్మ పెట్టిన దుకాణం.

జనవరి 20, మంగళవారం. పడవ వచ్చింది, ఇంకా కవరు అంటించలేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

నీ శుభాకాంక్షలు, తిట్లు రెండూ అందాయి. అవును, వలలు బాగుచేస్తున్నాను. కానీ సూదితో కాదు. అరచేతంత చెక్క బద్ద, దానికి చుట్టిన తాడులాంటి దారం, పిడికిలి పట్టేంత గళ్ళు. అవ్వకి చూపు దాదాపు లేదు. సముద్రం వైపు మొహం పెట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ చేస్తుంది. నన్నూ కళ్ళు మూసుకునే చేయమంది. చేస్తున్నాను, వస్తోంది. కాబట్టి డాక్టరు మాట జవదాటలేదు. దీనికి నువ్వు కోపగించుకుంటే అది నీ తెలివితక్కువ.

ఇక నా కోపం విను. ఇదే పడవలో మన మందుల షాపావిడ పుట్టినరోజు కార్డు పంపింది. అందులో ఏం రాసిందో తెలుసా? "నా ఆకుపచ్చ కోటు మోచేయి చూసుకుని మురిసిపోతున్నాను, ఎక్కడ చిరిగిందో నాకే తెలియడం లేదు, మీరు లేకపోయినా మీ దుకాణం మీ దుకాణమే." నేను లేకుండా నా దుకాణంలో రఫ్ఫు చేసింది ఎవరు? ఇప్పుడు అర్థమైంది నీ లోకజ్ఞానం. ఆ మెషినాయన్ని తెచ్చి నా బల్ల దగ్గర కూర్చోబెట్టావు, వాడికి తెలియనివి నన్ను అడిగి వాడికి నేర్పిస్తున్నావు. నా చేతిపని నా చేతే వాడికి అప్పజెప్పించావు. పుట్టినరోజు బహుమతి అని పంపి వెనక ఇదా చేసేది? నువ్వు ఇంత పని చేస్తావని ఎవరైనా చెబితే వాళ్ళ నోరు మూయించేదాన్ని.

కింద ఏమని సంతకం పెట్టాలో తెలియడం లేదు.


జనవరి 24, శనివారం

అక్కా,

మెషినాయన నీ గడప తొక్కలేదు. అమ్మ మీద ఒట్టు. నీ బల్ల దగ్గర కూర్చున్నది నేను.

ఇప్పుడు కూర్చో, మొదటినుంచి చెబుతాను. తప్పంతా పొయ్యిది. నువ్వు వెళ్ళిన మూడో రోజు వెలిగించాను. పొగ గొట్టంలోంచి పొగ రావడం చూసి, సూదక్క తిరిగొచ్చింది అనుకుని జనం తలుపు కొట్టడం మొదలుపెట్టారు. బోర్డు చూపిస్తే, మరి పొగ ఎందుకొస్తోంది అంటారు. నలుగురిని పంపేశాను. ఐదోది మందుల షాపావిడ. ఉన్నది ఒక్క కోటు, మోచేయి మేకుకి పట్టి చిరిగింది, అది పట్టుకుని వణుకుతూ నిలబడింది. ఉంచి వెళ్ళండి, అక్క వచ్చాక చూస్తుంది అన్నాను. మరి నెల రోజులు ఆవిడ ఏం వేసుకుంటుంది? నా కోటు ఇచ్చి పంపాను. ఇంటికి కోటు లేకుండా వెళ్తే మీ మరదలు ఏమందో నువ్వే ఊహించుకో.

ఆవిడ కోటు బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చేతులు ఊరుకోలేదు. ముందు పాత గుడ్డ మీద చేసి చూశాను. నీ జవాబు వచ్చాక సాయంత్రానికి కోటు పూర్తయింది. ఆవిడకి ఇస్తే ఎక్కడ చిరిగిందో వెతుక్కుంది, దొరకలేదు. అక్కా, నాకు అంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. దారి పొడుగునా ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

ఆవిడ నోరు ఊరుకోలేదు. రెండో రోజే రిటైరైన జడ్జిగారు వచ్చారు. ఆయన నాన్నగారి బూడిదరంగు కోటు, పురుగు కొట్టి తొమ్మిది చిల్లులు. ఇంకా దాని మీదే ఉన్నాను.

నీకు చెప్పకపోవడానికి కారణం భయం. నువ్వు నవ్వుతావని. చిన్నప్పుడు నేనూ అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకునేవాణ్ణి, గుర్తుందా? పదకొండేళ్ళప్పుడు ఒక చిరుగు నా చేతే మొత్తం చేయించింది. మర్నాడు నువ్వు నన్ను పెరట్లోకి పిలిచి, నీ కుట్టు చూసి అమ్మ నవ్విందిరా, నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు, మామయ్య దగ్గర పైపుల పని నేర్చుకుంటే మేలంది అని చెప్పావు. అప్పుడు నీకు పద్నాలుగేళ్ళు. ఎంత మెల్లిగా చెప్పావో నాకు ఇప్పటికీ గుర్తే. వేరేవాళ్ళయితే ఎగతాళి చేసేవాళ్ళు. నొప్పి తగలకుండా చెప్పావు. ఆ తర్వాత మళ్ళీ సూది పట్టుకోలేదు.

నీ పదకొండు సార్ల సంగతి చదివాను. మీ మరదలికి చెప్పలేదు. నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. నువ్వు బల్ల దగ్గర కూర్చోలేకపోతే దుకాణం మూయాల్సిన పని లేదేమో అని ఒక ఆలోచన వస్తోంది. కానీ ఆ మాట అనే అర్హత నాకుందో లేదో నువ్వే చెప్పాలి. అమ్మ నవ్విన చెయ్యి ఇది.

నీ తమ్ముడు


జనవరి 27, మంగళవారం

తమ్ముడూ,

పడవ సాయంత్రం వెళ్ళిపోతుంది. ఇవాళ పంపకపోతే మళ్ళీ రాయలేను.

అమ్మ నవ్వలేదు.

నువ్వు చేసిన చిరుగుని దీపం దగ్గర పట్టుకుని, వేలితో తడిమి, బట్ట తిరగేసి మళ్ళీ తడిమింది. వీడి చెయ్యి అచ్చం నా చెయ్యే అంది. నాతో కాదు, తనలో తను అనుకుంది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. అప్పటికి రెండేళ్ళుగా నేను రోజూ కూర్చుని నేర్చుకుంటున్నాను, నా గురించి ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఉన్నది ఒకే బల్ల, ఒకే దీపం. నువ్వు ఉంటే నాకు చోటుండదని భయం వేసింది.

అందుకని నీతో అమ్మ నవ్విందని చెప్పాను. అమ్మతో, వాడికి సూది పట్టుకోవాలంటే సిగ్గుగా ఉందట, స్నేహితులు ఏడిపిస్తున్నారట, నీకు చెప్పలేక మామయ్య దగ్గరికి పోతానంటున్నాడు అని చెప్పాను. ఇద్దరూ నా మాట నమ్మారు. నువ్వు వెళ్ళిన రోజు అమ్మ నీ పీట తీసి అటక మీద పెట్టింది.

మెల్లిగా చెప్పానంటున్నావు. అబద్ధం కదా, గట్టిగా చెప్పడానికి ధైర్యం లేక మెల్లిగా చెప్పాను.

మొదటి కొన్నేళ్ళు బాధపడ్డాను. తర్వాత నువ్వు బాయిలర్ల పనిలో పేరు తెచ్చుకున్నావు, పెళ్ళయింది, నవ్వుతూ తిరిగావు. పోనీలే, మంచికే జరిగింది అనుకోవడం అలవాటైపోయింది. నీ ఉత్తరంలో ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళానన్న మాట చదివాక అలా అనుకోవడం ఇక కుదరడం లేదు. మెషినాయన నా బల్ల లాక్కుంటాడని పోయిన ఉత్తరంలో అంత గోల చేశాను. లాక్కున్నది నేను.

నాకు చాలా సిగ్గుగా ఉంది. వచ్చే మంగళవారం పడవకి బయలుదేరుతున్నాను. నువ్వు రేవుకి రాకపోయినా ఏమీ అనుకోను.

అక్క


జనవరి 31, శనివారం

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చే పడవే నిన్ను ఎక్కించుకుని వస్తుంది. కాబట్టి పడవలో చదువుకో. కళ్ళు తిరిగితే నా తప్పు కాదు.

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. నిన్నంతా నీ మీద కోపంగా ఉన్నాను. మామూలు కోపం కాదు. ఒక పెద్దావిడ, బాబూ రేడియేటరు గురగురలాడుతోంది అంటే, ఆడక ఏం చేస్తుంది అని కసిరాను. తర్వాత నాకే సిగ్గేసి, ఆవిడ ఇంట్లో మూడు రేడియేటర్లూ ఊరికే చూసి వచ్చాను. ఆ కోపంతోనే సాయంత్రం దుకాణానికి వెళ్ళి జడ్జిగారి కోటులో మిగిలిన ఆఖరి చిల్లు పూర్తిచేశాను.

మీ మరదలికి అంతా చెప్పాను. ఆవిడ, అయితే మీరు ఇన్నేళ్ళూ ఇష్టంలేని పని చేశారా అంది. లేదు. అదీ చిక్కు. బాయిలర్లంటే నాకు ఇష్టమే. గడ్డకట్టిన ఇంట్లోకి వెళ్ళి, గంట తర్వాత వాళ్ళు స్వెట్టర్లు విప్పుతుంటే బయటికి రావడం నాకు ఇష్టం. నా బతుకు పాడైపోయిందని నీ ముందు కోతలు కోస్తే అది అబద్ధమవుతుంది.

కానీ ఒక్కటుంది. అమ్మ నా గురించి అంత మంచి మాట అందని, ఆవిడ పోయిన పద్దెనిమిదేళ్ళకి తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఒక్క ఆదివారమైనా వెళ్ళి పక్కన కూర్చుని ఒక్క కోటైనా చేసేవాణ్ణి. దానికి మాత్రం నిన్ను ఇంకా క్షమించలేదు. కొంచెం టైమివ్వు. నేను నిన్ను క్షమించకుండా ఎక్కువ కాలం ఉండలేనని నీకూ తెలుసు, అదే నాకు ఒళ్ళుమంట.

మిగతాది పని సంగతి. జడ్జిగారి కోటు బల్ల మీద పెడతాను. తొమ్మిది చిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పను. వెతుకు. దొరికితే దొరికిందని చెప్పు, దొరకకపోతే దొరకలేదని చెప్పు. జాలిపడి చెప్పకు, నీ తప్పు దిద్దుకోవడానికి పొగడకు. ఈసారి నిజం చెప్పు, దాన్ని బట్టి నేను బల్ల దగ్గర కూర్చోవడమా, పైపుల సంచి భుజాన వేసుకోవడమా తేల్చుకుంటాను.

మఫ్లరు చుట్టుకునే దిగు. చలి నువ్వు వదిలివెళ్ళినట్టే ఉంది.

బాయిలరు


ఫిబ్రవరి 7, శనివారం. దుకాణం, మధ్యాహ్నం.

తమ్ముడూ,

నిన్న రేవుకి మరదలు ఒక్కతే వచ్చింది. స్కూలు బాయిలరు చెడిపోయిందని నువ్వు నిన్నటినుంచి అక్కడే ఉన్నావట. పిల్లలు చలికి వణుకుతున్నారు కాబట్టి నమ్ముతున్నాను. మొహం చాటేశావని కూడా అనుకుంటున్నాను. రెండూ నిజమే అయ్యుంటాయి. ఇంటికెళ్ళేముందు పొయ్యి చూడటానికి నువ్వు ఇక్కడికి రాక తప్పదు, అందుకే ఈ కాగితం బల్ల మీద పెడుతున్నాను.

పొద్దున డాక్టరు చూశాడు. చూపు ఇక తగ్గదట, పెరగదు కూడా. గుండీలు, అంచులు, లైనింగులు చేసుకోవచ్చు, సూదిలో దారం ఎవరైనా ఎక్కించిపెడితే. సన్నపోగు పని మాత్రం ఇక వద్దన్నాడు. బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడి కాసేపు ఏడ్చాను. తర్వాత చలి వేసి ఇక్కడికి వచ్చేశాను.

కోటు చూశాను. తలుపు గడియ పెట్టి, రెండు గంటలు చూశాను. కళ్ళతో కాదు. కళ్ళతో చూస్తే ఇప్పుడు నాకు ఆ మెషినాయన పని కూడా గొప్పగానే ఉంటుంది. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాను, కాలరు నుంచి కింది అంచు దాకా, లోపలా బయటా, మూడుసార్లు.

ఎనిమిది చిల్లులు దొరకలేదు. ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలియదు. అమ్మ చేసి ఇచ్చినా నాకు ఇలాగే దొరికేవి కావు. అమ్మ అన్నమాట నిజం, నీ చెయ్యి అమ్మ చెయ్యే. ఈ మాట నీకు ఆరోజే చెప్పాల్సింది.

తొమ్మిదోది దొరికింది. ఎడమ జేబు పైన. పోగు బిగిసింది, చుట్టూ బట్ట ముడుచుకుంది. నా మీద కోపంగా ఉన్నరోజు చేసింది అదేనని వేలికి తెలుస్తూనే ఉంది. విప్పేశాను. జడ్జిగారికి ఇంకో వారం పడుతుందని కబురు పంపాను.

సోమవారం ఎనిమిదింటికి వచ్చి మళ్ళీ చెయ్యి. కిటికీ పక్క వెలుతురున్న చోటు నీకు వదిలేశాను. నేను ఈ పక్కన గుండీలు కుట్టుకుంటాను. రాగానే నా సూదిలో దారం ఎక్కించిపెట్టు.

అక్క